పాత ట్రాక్టరు ఎందుకు బతుకుతుంది?

మీ ఊళ్లో ఏ చింతచెట్టు కిందో, రైసుమిల్లు గోడ వెనకో తుప్పుపట్టి నిలిచిపోయిన ట్రాక్టరు ఒకటి ఉండే ఉంటుంది. టైర్లు నేలకు అతుక్కుపోయి, సీటు మీద కోళ్లు పడుకుంటూ ఉంటాయి. "ఇక తూకానికి అమ్మేయడమే" అంటారు పెద్దలు. అలా అమ్మే ముందు ఒక ప్రశ్న వేసుకోవాలని నా అభిప్రాయం. ఆ యంత్రం నిజంగా పాడైపోయిందా, లేక ఒకటి రెండు భాగాలు దొరక్క ఆగిపోయిందా? ఈ రెండింటికీ చాలా తేడా ఉంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఇంగ్లండులోని కోవెంట్రీ నగరంలో 1946 నుంచి 1956 వరకు ఫెర్గూసన్ టి.ఇ.20 అనే చిన్న ట్రాక్టరు తయారైంది. పదేళ్లలో 5 లక్షలకు పైగా బయటికి వచ్చాయి. 1958 జనవరి 4న ఎడ్మండ్ హిల్లరీ బృందం మంచు మీద ప్రయాణించి దక్షిణ ధ్రువం చేరింది ఈ రకం ట్రాక్టర్ల మీదనే. దీని రూపకర్త హారీ ఫెర్గూసన్. నాగలిని ట్రాక్టరుకు మూడు చోట్ల తగిలించి, నూనె ఒత్తిడితో పైకెత్తే పద్ధతిని ఆయన ప్రచారంలోకి తెచ్చాడు. ఇవాళ మన పొలాల్లో తిరిగే ట్రాక్టరు వెనక్కి వెళ్లి చూడండి. కల్టివేటరు అలాగే మూడు చోట్ల తగిలించి ఉంటుంది.

70 ఏళ్లు దాటిన ఆ పాత ఫెర్గూసన్‌లను బ్రిటన్‌లోనూ, ఇతర దేశాల్లోనూ ఎందరో విప్పి, బాగుచేసి, మళ్లీ నడుపుతున్నారు. అది ఎలా సాధ్యమవుతోంది? వారి ఓపిక ఒక్కటే కారణం కాదు. ఆ యంత్రాన్ని విప్పడానికి వీలుగా చేశారు. దాని కొలతలు అందరికీ తెలిసిన ప్రమాణాల్లో ఉన్నాయి. ఆ కొలతలన్నీ పుస్తకాల్లో అచ్చయి ఉన్నాయి. ఈ మూడు గుణాలూ ఇవాళ మనం కొనే యంత్రాల్లో కూడా ఉండి తీరాలని నేనంటాను. ఎందుకో చూడండి.

ముందు నంబరు, తరువాత దుకాణం

విడిభాగాల కోసం బయలుదేరే ముందు చదవవలసినది ట్రాక్టరు మీది నంబరు పలక. ఫెర్గూసన్ పలక మీద టి.ఇ.ఏ. అని ఉంటే అది పెట్రోలు ఇంజను. టి.ఇ.డి. అని ఉంటే పెట్రోలుతో స్టార్టు చేసి, వేడెక్కాక కిరోసిన్ వంటి చవక నూనెకు మార్చేది. టి.ఇ.ఎఫ్. అంటే డీజిలు. పెట్రోలు ఇంజను సిలిండరు వ్యాసం మొదట 80 మిల్లీమీటర్లు, 1951 నుంచి 85 మిల్లీమీటర్లు. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. నంబరు చూడకుండా పిస్టన్ రింగులు కొంటే డబ్బు దండగే.

నంబరు తెలిస్తే మరో లాభం ఉంది. ఆ ఇంజనును తయారుచేసిన స్టాండర్డ్ కంపెనీ, అదే వంశానికి చెందిన ఇంజనును తన వాన్‌గార్డ్ కారులో కూడా వాడింది. ఆ కార్లు ఒకప్పుడు మన మద్రాసులో కూడా బిగించారు. కాబట్టి ట్రాక్టరు భాగం కోసం వెతికేవాడు కారు భాగాల జాబితా కూడా తిరగేస్తాడు. చుట్టరికం తెలిసినవాడికి భాగాలు ఎక్కువ చోట్ల దొరుకుతాయి.

అర అంగుళం బోల్టుల కథ

ఇప్పుడు బోల్టుల సంగతి. మరచుట్టు అంటే బోల్టు మీద మెలి తిరిగిన గాడి. 1841లో జోసెఫ్ విట్‌వర్త్ అనే ఇంగ్లీషు ఇంజనీరు మరచుట్లకు ఒక ప్రమాణం సూచించాడు. అందులో గాడి కోణం 55 డిగ్రీలు. అమెరికా ప్రమాణంలో అది 60 డిగ్రీలు. అర అంగుళం విట్‌వర్త్ బోల్టుకు అంగుళానికి 12 చుట్లు ఉంటే, అర అంగుళం అమెరికన్ ముతక మర బోల్టుకు 13 ఉంటాయి. కంటికి తేడా తెలియదు. ఒకదాని నట్టును మరోదానికి పెట్టి తిప్పితే రెండు మూడు చుట్లు ఎక్కి బిగుసుకుంటుంది. పానా వేసి బలవంతం చేస్తే గాడి చెరిగిపోతుంది.

రెండవ ప్రపంచయుద్ధంలో ఈ చిన్న తేడా పెద్ద చిక్కులు తెచ్చింది. ఒక దేశపు నట్టు మరో దేశపు బోల్టుకు పట్టలేదు. అందుకే 1948లో అమెరికా, బ్రిటన్, కెనడాలు కలిసి ఒకే మరచుట్టు ప్రమాణానికి ఒప్పుకున్నాయి. ఆ మార్పు కాలంలో తయారైన యంత్రాల్లో రెండు రకాలూ కలిసి ఉండవచ్చు. కాబట్టి మంచి మెకానిక్కు ఊహతో పనిచేయడు. మరచుట్ల గేజిని బోల్టు మీద ఆనించి, వెలుతురు దూరకుండా సరిపోయిన పలకను చూసి, చుట్లు ఎన్నో నిర్ణయిస్తాడు.

బలం కాదు, ఉపాయం

తుప్పు పట్టిన నట్టు ఎందుకు కదలదో ఆలోచించారా? ఇనుము తుప్పుగా మారినప్పుడు దాని ఘనపరిమాణం కొన్ని రెట్లు పెరుగుతుంది. నట్టుకూ బోల్టుకూ మధ్య ఉన్న ఖాళీలో ఆ తుప్పు మేకులా దిగి పట్టేస్తుంది. బలంగా తిప్పితే బోల్టు విరుగుతుంది. పలచని నూనె పోసి ఒకటి రెండు రోజులు వదిలేస్తే, దీపం వత్తిలోకి నూనె ఎక్కినట్టే, సన్నని సందుల్లోకి అది తనంతట తానే పాకుతుంది.

అప్పటికీ రాకపోతే నట్టును వేడిచేస్తారు. ఇక్కడ మీకో ప్రశ్న. నట్టును వేడిచేస్తే దాని రంధ్రం చిన్నదవుతుందా, పెద్దదవుతుందా? ఇనుము అన్ని వైపులా వ్యాకోచిస్తుంది కనుక రంధ్రం మూసుకుంటుందని చాలామంది చెబుతారు. అది తప్పు. వ్యాకోచించేటప్పుడు నట్టు మొత్తం ఒకే నిష్పత్తిలో పెద్దదవుతుంది, రంధ్రంతో సహా. ఒక డిగ్రీ సెల్సియస్ వేడికి ఇనుము తన పొడవులో 10 లక్షల వంతుల్లో సుమారు 12 వంతులు పెరుగుతుంది. 25 మిల్లీమీటర్ల రంధ్రం ఉన్న నట్టును 200 డిగ్రీల మేర వేడిచేస్తే రంధ్రం 0.06 మిల్లీమీటర్లు పెరుగుతుంది. లెక్క వేసి చూడండి. తల వెంట్రుక మందమంత! బోల్టుకు ఆ వేడి పాకేలోగా తిప్పితే, తుప్పు పట్టు వదలడానికి ఆ కాస్త సందే చాలు. ఎనిమిదో తరగతి భౌతికశాస్త్రం అక్కడ సుత్తి కంటే బాగా పనిచేస్తుంది. అయితే పెట్రోలు ట్యాంకు దగ్గర, నూనె తడి ఆరని చోట ఈ పని ప్రాణాపాయం. పెద్దవాళ్లు లేకుండా మీరు ఎప్పుడూ చేయవద్దు.

దొరకని భాగం ఏమవుతుంది?

కొన్ని భాగాలు ఎక్కడా దొరకవు. అప్పుడు చేయించుకోవాలి. పిన్ను, బుష్షు, చిన్న షాఫ్టు వంటివి పాతవి చూపిస్తే లేత్ మిషను మీద తయారవుతాయి. గాస్కెట్టును తగిన కాగితం మీద అచ్చు తీసి కత్తిరించవచ్చు. విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల ఇలాంటి పని చేసేవారి చేతుల్లో ఎంత ఇంజనీరింగు ఉందో వెళ్లి చూడండి. కాని గేర్ల సంగతి వేరు. ఆకారం ఒక్కటే సరిపోదు. పళ్ల పైపొర గట్టిగానూ, లోపలి లోహం దెబ్బను ఓర్చేలానూ ఉండేటట్టు వేడిచేసి చల్లార్చాలి. అది తెలియకుండా కోసిన గేరు త్వరగా అరిగిపోతుంది.

ఫెర్గూసన్ ఇంజనులో సిలిండరు లోపలి గోడ ఒక విడి గొట్టం. దాన్ని లైనరు అంటారు. అరిగితే ఇంజను మొత్తం పారేయక్కరలేదు, గొట్టం మారిస్తే చాలు. అరుగుదల తప్పదని రూపకర్తకు ముందే తెలుసు. అందుకే అరిగేది మార్చుకోవడానికి వీలుగా చేశాడు. మంచి యంత్ర నిర్మాణమంటే ఇదే.

"ఈ పాత బండ్లు నూనె ఎక్కువ తాగుతాయి, పొగ వదులుతాయి, బోల్తాపడితే నడిపేవాడిని కాపాడే చట్రం లేదు, బ్రేకుల్లో హానికరమైన ఆస్‌బెస్టాస్ కూడా ఉండవచ్చు. ఎందుకీ శ్రమ?" అని మీరు అడగవచ్చు. ఆ మాట నిజమే. దుక్కికి పాత ట్రాక్టరే మేలని నేననను. మన ముందున్న ప్రశ్న కొత్త ట్రాక్టరు గురించి. 50 ఏళ్ల తరువాత దాన్ని ఎవరైనా బాగుచేయగలరా?

ఇవాళ్టి పెద్ద ట్రాక్టర్లలో ఇంజనును కంప్యూటరు నడుపుతుంది. దాని వల్ల నూనె ఆదా అవుతుంది, పొగ తగ్గుతుంది. కాని కొన్ని కంపెనీల బండ్లలో లోపమేమిటో చెప్పే సాఫ్ట్‌వేరు కంపెనీ మనిషి దగ్గరే ఉంటుంది. అదును దాటితే విత్తనం ఆగదు. బండి ఆగిన రైతు అతని కోసం ఎదురుచూస్తూ కూర్చోవాలి. సాఫ్ట్‌వేరు అందరికీ ఇస్తే పొగ నియంత్రణను ఎవరైనా తీసేస్తారని కంపెనీల వాదన. ఆ భయంలో కొంత నిజముంది. కాని లోపం తెలుసుకోవడం వేరు, నియంత్రణను తీసేయడం వేరు. మొదటిది రైతుకు ఇచ్చి, రెండవదాన్ని చట్టంతో ఆపవచ్చు.

అమెరికాలోని కొలరాడో రాష్ట్రం 2023లో ఇటువంటి చట్టం చేసింది. వ్యవసాయ యంత్రాలు తయారుచేసేవారు విడిభాగాలు, పనిముట్లు, పుస్తకాలు, సాఫ్ట్‌వేరు రైతుకు అందించాలని అది చెబుతుంది. మన దేశంలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో మరమ్మతు హక్కు మీద ఒక కమిటీ వేసింది. కమిటీ పరిశీలనకు ఎంచుకున్న నాలుగు రంగాల్లో వ్యవసాయ పరికరాలు ఒకటి. ఇది మంచి ఆరంభం. అక్కడితో ఆగకూడదు.

మీరు చేయగలిగింది కూడా ఉంది. ఇంట్లో ఏ యంత్రం కొన్నా దాని పుస్తకం జాగ్రత్త చేయండి, నంబరు రాసి పెట్టండి. కొనే ముందు "దీని భాగాలు ఎన్నేళ్లు దొరుకుతాయి?" అని దుకాణదారును అడగమని నాన్నగారికి చెప్పండి. పాడైన సైకిలు హబ్బును ఈ సెలవుల్లో విప్పి, ప్రతి భాగాన్ని కొలిచి, బొమ్మ గీసి, మళ్లీ బిగించి చూడండి. ఒక్క భాగం కూడా మిగలకుండా బిగించగలిగితే, చింతచెట్టు కింది ట్రాక్టరును మీరు వేరే కళ్లతో చూస్తారు.