ఎన్ని గుమ్మాల్లో ఎన్నిసార్లు చెప్పాలి?

మా వీధి చివర చీరలకు ఫాల్ కుట్టి, పీకో చేసి ఇచ్చే అమ్మాయి ఒకామె ఉంది. ముప్ఫై ఏళ్లుంటాయేమో. పేరు ఇక్కడ రాయను. ఒక మే నెల మధ్యాహ్నం, ఉక్కపోతకు ప్రాణం పోతోందనిపించే వేళ, చీర తెచ్చుకుందామని వెళ్తే మెడచుట్టూ చున్నీ బిగించి చుట్టుకుని మిషన్ ముందు కూర్చుని ఉంది. ‘జలుబు చేసిందా?’ అన్నాను. తలూపింది. చీర తీసుకుని వచ్చేశాను. అలా వచ్చేశానని రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

నాలుగు రోజుల తర్వాత తనే మా ఇంటికొచ్చింది. ‘అక్కా, మీరు పేపర్లో రాస్తారు కదా. ఏ ఆఫీసుకు వెళ్తే నా పనవుతుందో చెప్పండి’ అంది.

ఇన్నేళ్లుగా ‘భరించకండి, బయటికి రండి, ఫిర్యాదు చేయండి’ అని ఎన్నిసార్లు రాసి ఉంటానో లెక్కలేదు. ఆ ఒక్క ప్రశ్నకు మాత్రం నా దగ్గర జవాబు లేదు. సరే పదమన్నాను. ఇద్దరం బయల్దేరాం.

మొదట పోలీసు స్టేషన్. అక్కడి హెడ్ కానిస్టేబులు మంచివాడే. కుర్చీ వేయించాడు, మంచినీళ్లు తెప్పించాడు, అంతా విన్నాడు. విని, ‘చూడమ్మా, ఇద్దరు పిల్లలున్నారు. కేసు పెడితే వాడు లోపలికి పోతాడు, నువ్వు రోడ్డున పడతావు. పిలిపించి గట్టిగా నాలుగు మాటలు చెబుతాలే’ అన్నాడు. చెప్పాడు కూడా. ‘ఇకమీదట కొట్టను’ అని తెల్లకాగితం మీద సంతకం పెట్టించుకుని, ఇద్దర్నీ ఒకే ఆటోలో ఇంటికి పంపించాడు. ఆ రాత్రి ఏం జరిగిందో మీరు ఊహించుకోగలరు.

మర్నాడు ప్రభుత్వాసుపత్రి. మొగుడు పక్కనే నిలబడి ఉండగా డాక్టరు ‘ఏమైంది?’ అనడిగితే ‘బాత్రూంలో జారిపడ్డాను’ అంది. ఓపీ చీటీ మీద అదే పడింది. ఆ తర్వాత మహిళా పోలీసు స్టేషన్. కౌన్సెలింగ్ అని మూడు వారాలు తిప్పారు. తిరిగిన ప్రతి రోజూ ఆమెకు ఆ పూట సంపాదన పోయింది. తర్వాత జిల్లా కేంద్రంలో ప్రొటెక్షన్ ఆఫీసరు. రెండు బస్సులు మారి వెళ్తే మేడమ్ మీటింగులో ఉన్నారు. ఆవిడ అసలు ఉద్యోగం వేరు, ఇది అదనపు బాధ్యత. చివరికి కోర్టు ఆవరణలో న్యాయసేవల కార్యాలయం.

అక్కడి లాయరమ్మ ఓపిగ్గానే అడిగింది. మా అమ్మాయి చెప్పింది. తాగొచ్చి కొడతాడంది. మిషన్ మీద వచ్చిన డబ్బు లాక్కుంటాడంది. పుట్టింటికి పోనివ్వడంది. మెడ సంగతి చెప్పలేదు! బయటికొచ్చాక ‘అదెందుకు చెప్పలేదే?’ అంటే, ‘అన్నిచోట్లా చెప్పాను కదక్కా. చెప్పీ చెప్పీ విసుగొచ్చింది. ఎవరూ రాసుకోలేదు’ అంది.

ఆ మాట నన్ను వదలడం లేదు. ఎందుకంటే ఆమె చెప్పిన వాటన్నిటిలోకీ ప్రాణం మీదికి తెచ్చేది అదే. గొంతు నులిమినప్పుడు చాలాసార్లు పైకి దెబ్బే కనపడదు. గొంతు బొంగురు పోతుంది, మింగుడు పడదు, అంతే. లోపలి వాపు గంటల తర్వాత ప్రాణం తీయవచ్చు. అంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది. ఒకసారి గొంతు పట్టుకున్న మగాడి చేతిలోనే ఆ స్త్రీ తర్వాత హత్యకు గురయ్యే ప్రమాదం దాదాపు ఏడు రెట్లు పెరుగుతుందని అమెరికాలో 2008లో వెలువడిన ఒక అధ్యయనం తేల్చింది. చెంపదెబ్బా, గొంతు మీద చెయ్యా ఒక్కటి కావు. ఆ తేడా తెలిసిన మనిషి ఒక్కరు మా దారిలో తగిలి ఉంటే, ఆమెను అతనితో కలిపి ఆటో ఎక్కించి ఉండేవారు కాదు.

అయిదు ఆఫీసుల్లోనూ దుర్మార్గులెవరూ లేరు, ఇది నేను ఒప్పుకోవాలి. ఎవరి పని వాళ్లు కొంచెం కొంచెం చేశారు. ఒకరు చేసింది ఇంకొకరికి తెలియదు. ఆసుపత్రి చీటీ పోలీసులు చూడలేదు. పోలీసులు రాయించుకున్న కాగితం లాయరు చూడలేదు. ఫైలు కదల్లేదు, మనిషి తిరిగింది. తిరిగిన ప్రతిచోటా తన బతుకును మొదటినుంచీ విప్పి చూపించాల్సి వచ్చింది.

చట్టంలో ఇలా ఉందా అంటే, లేదు. గృహహింస నుంచి స్త్రీలకు రక్షణ చట్టం 2005లో వచ్చింది. 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది. దాన్ని నేను ఈ మధ్యనే శ్రద్ధగా చదివాను (ముందే చదివి ఉండాల్సింది). అందులో ఎవరూ ఒంటరిగా పనిచేయాలని లేదు. ఫిర్యాదు అందిన పోలీసు అధికారి, ‘నీకు రక్షణ ఉత్తర్వు అడిగే హక్కుంది, ప్రొటెక్షన్ ఆఫీసరు ఉన్నారు, ఉచితంగా లాయరు దొరుకుతారు, కావాలంటే క్రిమినల్ కేసు కూడా పెట్టొచ్చు’ అని ఆమెకు చెప్పి తీరాలని 5వ సెక్షన్ అంటుంది. ప్రొటెక్షన్ ఆఫీసరు జరిగిన సంగతి ఒక నివేదికగా రాసి మేజిస్ట్రేటుకు ఇవ్వాలి, ఆ ప్రతిని స్థానిక పోలీసు స్టేషన్‌కూ పంపాలి. ముందుగా నివేదిక లేదన్న సాకుతో ఆసుపత్రి వైద్యం నిరాకరించకూడదు. కోర్టు ఇచ్చిన ఉత్తర్వు ప్రతి ఉచితంగా ఆమెకూ అందాలి, స్టేషన్‌కూ చేరాలి. ఆ ఉత్తర్వును మీరితే ఏడాది వరకు జైలు, 20 వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ.

నిబంధనల్లో మరో ఫారం ఉంది, అయిదో నంబరుది. దాన్ని ‘భద్రతా ప్రణాళిక’ అనుకోవచ్చు. ఏ హింస జరిగింది, ఇంకేం జరుగుతుందని ఆమె భయపడుతోంది, అది జరక్కుండా ఏం చేయాలి అని ఆమెనే అడిగి, ఆమెతో కూర్చుని నింపాలి. ప్రమాదం ఎంతుందో అంచనా కట్టి మరీ నింపాలి. మా అమ్మాయి మెడ సంగతి వెళ్లాల్సిన చోటు అదే. అయిదు చోట్లా ఆ ఫారం పేరే ఎవరూ ఎత్తలేదు.

అయినా కలిసి పనిచేయడం మనకు తెలియని విద్యేమీ కాదు. ముంబయిలో 1984లోనే టాటా సామాజిక శాస్త్రాల సంస్థ వాళ్లు పోలీసు కమిషనర్ కార్యాలయంలో సామాజిక కార్యకర్తలను కూర్చోబెట్టారు. పోలీసుల జీతగాళ్లు కాదు వాళ్లు, కానీ పోలీసుల మధ్యనే ఉంటారు. ఆడమనిషి రాగానే ముందు వాళ్లు వింటారు, వాళ్లే ఎస్సైతో మాట్లాడతారు, వాళ్లే చివరిదాకా వెంట ఉంటారు. అదే నగరంలో బాంద్రాలోని మున్సిపల్ ఆసుపత్రిలో 2000 సంవత్సరంలో ‘దిలాసా’ అనే కేంద్రం మొదలైంది. ‘జారిపడ్డాను’ అన్న ఆడమనిషిని పక్కకు తీసుకెళ్లి, మొగుడు లేనిచోట మళ్లీ అడగడం అక్కడి సిబ్బందికి నేర్పారు. ఎంత చిన్న పని! పెద్ద ఖర్చు లేదు, ఒక తలుపూ ఒక కుర్చీ చాలు.

బ్రిటన్‌లోని కార్డిఫ్‌లో 2003లో ఇంకో పద్ధతి పెట్టారు. ఊళ్లో అందరికంటే ఎక్కువ ప్రమాదంలో ఉన్న స్త్రీల వివరాలతో పోలీసులు, ఆసుపత్రివాళ్లు, ఇళ్ల శాఖవాళ్లు, పిల్లల సంక్షేమం చూసేవాళ్లు ఒకే బల్ల చుట్టూ కూర్చుంటారు. ఆ స్త్రీ అక్కడికి రానక్కర్లేదు. ఆమె తరఫున మాట్లాడే మనిషి ఒకరుంటారు. ఎవరికి తెలిసింది వాళ్లు చెబుతారు, ఎవరేం చేస్తారో అక్కడికక్కడ రాసుకుంటారు. మన కలెక్టరాఫీసుల్లో ఎన్ని సమీక్షా సమావేశాలు జరగడం లేదు? నెలకు ఒక పూట దీనికి దొరకదా?

మన దగ్గరా ప్రయత్నాలు లేకపోలేదు. హైదరాబాదులో 2016లో పోలీసులే ‘భరోసా’ కేంద్రం తెరిచారు. కేంద్ర ప్రభుత్వం 2015 ఏప్రిల్‌లో మొదలుపెట్టిన సఖి కేంద్రాల ఉద్దేశం కూడా ఇదే. వైద్యం, పోలీసు సాయం, న్యాయ సలహా, కౌన్సెలింగ్, అయిదు రోజుల వరకు తలదాచుకునే చోటు, అన్నీ ఒకే కప్పు కింద. 181కి ఫోన్ చేస్తే అక్కడికి దారి చెబుతారు. ప్రొటెక్షన్ ఆఫీసర్లు చాలాచోట్ల అదనపు బాధ్యతతోనే నెట్టుకొస్తుంటే, 2025 మే నెలలో సుప్రీంకోర్టు, జిల్లా, తాలూకా స్థాయిల్లో వాళ్లను గుర్తించి నియమించాలని రాష్ట్రాలకు గడువు పెట్టి మరీ చెప్పింది. చట్టం వచ్చిన ఇరవై ఏళ్లకు!

ఇప్పుడు ఒక కటువైన మాట. పోలీసు స్టేషన్‌లో రాజీ కుదర్చడం మానాలి. కాపురాలు నిలబెట్టకూడదని నేననడం లేదు. నిలబెట్టడం పోలీసుల పని కాదంటున్నాను. ఇంట్లో దొంగతనం జరిగిందని వెళ్తే ‘దొంగతో సర్దుకుపో’ అంటారా? కొట్టినవాడినీ దెబ్బలు తిన్నదాన్నీ పక్కపక్కన కూర్చోబెట్టి మాట్లాడించడం కౌన్సెలింగ్ అనిపించుకోదు. అతని ఎదుట ఆమె ఏం చెబితే ఇంటికెళ్లాక ఏమవుతుందో ఆమెకు తెలుసు, అందుకే నోరు విప్పదు. ఆ మౌనాన్నే ‘సమస్య పరిష్కారమైంది’ అని రిజిస్టరులో రాసుకుంటారు.

‘మా చేతులు కట్టేశారు మేడమ్, ఇప్పుడు అరెస్టు చేయడానికి లేదు’ అని పోలీసులు నాతో అన్నారు. 2014లో సుప్రీంకోర్టు అర్నేష్ కుమార్ కేసులో చెప్పింది ఆలోచించకుండా అరెస్టు చేయవద్దని, అవసరం లేనప్పుడు నోటీసు ఇవ్వమని. కేసు రాయవద్దని కాదు, ఆమెను కాపాడవద్దని అసలే కాదు. నిజానికి నోటీసుతో పంపిస్తే ప్రమాదం ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే అతను సాయంత్రానికల్లా ఆ ఇంటికే వస్తాడు, అదీ కోపంతో. ఆ నోటీసు ఇచ్చిన గంటలో ఆమెకు ఫోన్ చేసి ‘పంపించేశాం, నువ్వెక్కడున్నావు?’ అని అడిగే బాధ్యత ఎవరిది? ఆ రాత్రి ఆ వీధిలో బీట్ కానిస్టేబులు ఒకసారి తలుపు తట్టాలని ఎవరు చెప్పాలి? ఇవి ఏ ఒక్క శాఖా ఒంటరిగా చేయలేదు. ఒకరికొకరు ఫోన్ చేసుకునే అలవాటు ఉంటేనే సాధ్యం.

ఇల్లు వదిలి బయటికొచ్చే రోజులే అన్నిటికంటే గండం. అప్పుడే చాలామంది చేయి వదిలేస్తారు, ‘బయటపడింది కదా’ అని. పుట్టింటికి చేరిన స్త్రీ మళ్లీ అత్తవారి ఊరి స్టేషన్‌కే వెళ్లనక్కర్లేదు. తలదాచుకున్న చోటే వేధింపుల కేసు పెట్టవచ్చని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. మీ ఊరి స్టేషన్‌లో ‘మా పరిధి కాదు’ అంటే ఈ మాట గుర్తుచేయండి. ఇంటి హక్కు విషయంలోనూ అంతే. ఇల్లు అత్తమామల పేరున ఉన్నా, కాపురం చేసిన ఇంట్లో ఉండే హక్కు కోడలు అడగవచ్చని 2020లో అదే కోర్టు తేల్చింది.

అన్నీ ఆఫీసుల మీదికి నెట్టి మనం తప్పుకోలేం సుమా. 2019-21 మధ్య జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో భర్త చేతిలో హింస అనుభవించామన్న స్త్రీలు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 30 మంది, తెలంగాణలో దాదాపు 37 మంది. దేశం మొత్తంమీద హింసకు గురైనవాళ్లలో సాయం కోరింది నూటికి 14 మందే. 77 మంది అసలు ఎవరికీ చెప్పనేలేదు. రెండు రాష్ట్రాల్లోనూ నూటికి 80 మందికి పైగా స్త్రీలు ఏదో ఒక కారణానికి భర్త కొట్టడం సబబే అన్నారు! ఆ 80 మందిలో అంగన్‌వాడీ టీచరుండవచ్చు, నర్సుండవచ్చు, మహిళా కానిస్టేబులుండవచ్చు, పక్కింటి పిన్నిగారుండవచ్చు. కాబట్టి శిక్షణ అంటే సెక్షన్ల నంబర్లు వల్లె వేయించడం ఒక్కటే అయితే చాలదు. చున్నీ చూసి జలుబనుకున్న నాలాంటివాళ్లకూ అది కావాలి.

మా అమ్మాయి సంగతి చెప్పి ఆపుతాను. ఆరో గుమ్మం సఖి కేంద్రం. అక్కడి కేస్ వర్కరు చాలా చిన్నపిల్ల, ఇరవై అయిదుండవు. ఆమె చేసిందల్లా ఒక్కటే. మొగుడు లేడు, నన్ను కూడా బయట కూర్చోమంది. రెండు గంటలు విని, ఈమె మాటల్లోనే కాగితం మీద పెట్టింది. ఆసుపత్రికి తనే తీసుకెళ్లి ఎం.ఎల్.సి. రాయించింది. ప్రొటెక్షన్ ఆఫీసరుకు తనే ఫోన్ చేసింది. తొమ్మిదో రోజున మధ్యంతర ఉత్తర్వు వచ్చింది. అతను ఆ ఇంటికీ, దుకాణానికీ రాకూడదు. ఉత్తర్వు అందిన సాయంత్రం ఎస్సై స్వయంగా వచ్చి తన ఫోన్ నంబరు మిషన్ పక్క గోడ మీద రాసి వెళ్లారు.

అన్నీ చక్కబడ్డాయని రాయలేను. అతను వాళ్లమ్మ ఇంట్లో ఉంటున్నాడు, రెండు వీధుల అవతల. కేసు నడుస్తోంది. వాయిదాలకు ఆమె ఒక ప్లాస్టిక్ కవరు పట్టుకెళ్తుంది. ఎవరేం అడిగినా మాట్లాడదు, అందులోంచి ఆ కాగితం తీసి చేతికిస్తుంది. నేను చదివాను. మెడ సంగతి రెండో వాక్యంలోనే ఉంది.