బర్కస్‌కు ఒక డాక్టరును పంపండి

తెలంగాణ వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నేను నందిగామలో మందుల షాపు నడుపుకునేవాణ్ణి. పక్క రాష్ట్రం వాడికి హైదరాబాదులోని అరబ్బుల పేట బర్కస్‌తో ఏం పని అంటారేమో. పాత లంకె ఉంది. 1948 సెప్టెంబరులో భారత సైన్యం బెజవాడ వైపు నుంచి మా దారినే కోదాడ, సూర్యాపేటల మీదుగా నిజాం రాజ్యంలోకి వెళ్ళింది. అంతకుముందు రజాకార్ల భయంతో సరిహద్దు దాటి మా వైపు వచ్చినవాళ్ళ నోట అరబ్బు అంటే గడీ కాపలావాడు, బాకీ వసూలుకు గుమ్మంలో తిష్టవేసేవాడు. ఆ మాటలు వింటూ పెరిగాం. ఆ తర్వాత అరబ్బులకు ఏమైందో మాత్రం మాకెవరూ చెప్పలేదు.

యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చి నిజాం సైన్యంలో చేరినవాళ్ళ వారసులే బర్కస్ చావుష్‌లు. బ్యారక్సే బర్కస్ అయింది. 1948 నాటి ఆ పోలీసు చర్యతో కొలువులు పోయాయి. చాలామందిని నిర్బంధించారు, కొందరిని దేశం దాటించారు. మిగిలినవాళ్ళు జామకాయలమ్మారు, చిల్లర వ్యాపారాలు చేశారు, గల్ఫ్ దారి పట్టారు. ఇప్పుడు యెమెన్‌లో యుద్ధం, అక్కడి చుట్టాల గురించిన దిగులు.

మా అన్నతో దుబాయ్‌లో పనిచేసిన బర్కస్ పెద్దాయన ఒకాయన ఉన్నారు. గళ్ళలుంగీ, భుజాన తువ్వాలు, చేతిలో ఖావా కప్పు. మొన్న కలిసినప్పుడు జేబులోంచి మందులు తీసి చూపించారు. గ్యాస్ బిళ్ళ, బీపీ బిళ్ళ, కత్తెరతో సగానికి కోసిన నిద్రబిళ్ళ. ఎవరు రాశారు భాయ్ అంటే, "డాక్టరెందుకు, దిల్ గాబరా అవుతోంది, అంతే" అన్నారు. గల్ఫ్ నుంచి తిరిగొచ్చి మా కౌంటరు ముందు నిలబడే కుర్రాళ్ళదీ ఇదే పాట. చీటీ లేకుండా నిద్రబిళ్ళ ఇవ్వనంటే పక్క షాపుకు పోతారు.

డాక్టరు దగ్గరికి ఎందుకు పోరంటే, హైదరాబాదులో మనసు డాక్టరంటే ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రే. ఎర్రగడ్డంటే తిట్టు. కొడుకు అక్కడ కనబడ్డాడని తెలిస్తే కూతురి సంబంధం చెడుతుంది. అందుకే ముందు మంత్రించి తాయెత్తు ఇచ్చే ఆమిల్ దగ్గరికి పోతారు. కట్టుకోనివ్వండి, మా వైపు వేపమండలు లేవా? తాయెత్తుతో పాటు మందు కూడా అందాలనే నా గోల.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మతం, సంస్కృతి భేదం లేకుండా, దగ్గర్లోనే వైద్యం పొందే హక్కు ఇచ్చింది. 2022 అక్టోబరు నుంచి ఫోన్లో మనసు గోడు చెప్పుకునే టెలీ మానస్ 14416 కూడా ఉంది. మంచిదే. కానీ రెండు గదుల ఇంట్లో పదిమంది మధ్య కోడలు ఫోనెత్తి ఏం చెప్పుకుంటుంది?

అందుకని ఒకటే అడుగుతున్నాను. వారానికో రోజు మనసు డాక్టరునొకరిని, ఉర్దూ మాట్లాడే ఒక మహిళా కౌన్సెలర్‌ను బర్కస్ బస్తీ దవాఖానాలో కూర్చోబెట్టండి. బయట 'పిచ్చి' అని గానీ 'మానసిక' అని గానీ బోర్డు వద్దు. బీపీ, షుగరు చూసే వరుసలోనే మనసు బాగోలేనివాళ్ళనీ చూడాలి. శుక్రవారం పెట్టకండి, జుమ్మా రోజు ఎవరూ రారు. అసర్ నమాజు అయ్యాక, సాయంత్రం పూట పెడితే మగవాళ్ళూ వస్తారు. ఆడవాళ్ళకు మాత్రం పిల్లలు బడికి పోయిన వేళ, పొద్దున పదింటికి విడిగా ఒక గంట కేటాయించండి.

ఇట్లు,
ఒక మందుల షాపు యజమాని,
నందిగామ, ఎన్టీఆర్ జిల్లా