నిరాశ మన వారసత్వం కాదు

ఓబులవారిపల్లె మండలం మంగంపేట నేలలోని ముగ్గురాయి ప్రపంచ ప్రసిద్ధం. అది పొడిగా మారి, సముద్రాలు దాటి, చమురు బావుల త్రవ్వకానికి ఉపయోగపడుతోంది. ఆ ప్రాంతపు యువకులూ గల్ఫ్ దారి పడుతున్నారు. రాయి విలువను దాని సాంద్రతను బట్టి కడతారు. మన పిల్లల విలువను ఎవరు కడుతున్నారు? చాలాసార్లు మనమే, అదీ తక్కువగా!

"చదివినా మనకు ఉద్యోగం ఎవరిస్తారు?" ఈ మాటను ఏ అధికారీ అనకముందే మన ఇళ్లలో పిల్లలు వింటున్నారు. గణితంలో ఒకసారి తప్పిన బాలునికి అది తీర్పులా తోస్తుంది. ప్రయత్నించి ఓడడం కంటే ప్రయత్నించకపోవడమే గౌరవమనిపిస్తుంది. దానిని చూపి "ముస్లింలకు చదువు పట్టదు" అనేవారున్నారు. అది అబద్ధం. 6-14 ఏళ్ల ముస్లిం బాలల్లో 25 శాతం మంది బడికి వెళ్లనేలేదని లేదా మధ్యలో మానేశారని 2006లో సచార్ కమిటీ తేల్చింది. పేదరికాన్నీ, అందుబాటులో మంచి బడులు లేకపోవడాన్నీ ఎత్తిచూపింది. 2022లో కేంద్రం మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను నిలిపివేసింది. అన్యాయం ఉన్నది. అయితే దానిని తలరాతగా భావించిన క్షణాన బాధ్యులు తప్పించుకుంటారు.

2007 చట్టం ద్వారా బి.సి.-ఇ వర్గాలకు లభించిన 4 శాతం రిజర్వేషన్ నేటికీ సుప్రీంకోర్టు 2010 నాటి మధ్యంతర ఉత్తర్వుతోనే కొనసాగుతోంది. ఇంత పోరాడి నిలుపుకున్న సీటు, ఇంటర్ తప్పి పుస్తకం మూసినవానికి ఎలా అందుతుంది?

కనుక ఉపన్యాసాలు చాలించి చాప పరుద్దాం. ఇషా నమాజు తరువాత ఒక గంట, మసీదు వరండాలోనో, ఎవరింటి అరుగు మీదనో పదిమంది విద్యార్థులు కలిసి కూర్చోవాలి. లెక్క వచ్చినవాడు రానివానికి చెప్పాలి. చెప్పినవానికీ అది గట్టిపడుతుంది. "నాకు రాదు" అన్నవానిని గద్దించక, "ఏ మెట్టు దగ్గర ఆగావు?" అని అడగాలి. కళాశాల చదువుతున్నవారు తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ధ్రువపత్రాలు, దరఖాస్తుల పనిలో తోడుండాలి. ఆడపిల్లలకూ పగటిపూట ఇదే ఏర్పాటు జరగాలి. షేక్, సయ్యద్, దూదేకుల అనే గీతలు ఆ చాప మీద ఉండరాదు.

డాక్టర్ అబ్దుల్ హఖ్ కర్నూలులో ఉస్మానియా కళాశాలను స్థాపించింది 1947లో. దేశవిభజనతో ముస్లిం సమాజం కలతచెందిన సంవత్సరమది. మంచి కాలం వచ్చేదాకా ఆగుదామని ఆయన అనుకోలేదు. మనం మాత్రం దేనికోసం ఆగుతున్నాం?