మన లెక్కలు ఎవరి చేతిలో ఉండాలి?

జాతీయ నేర నమోదు సంస్థ ఎన్‌సీఆర్‌బీ 2022 నివేదిక ప్రకారం ఆ ఏడాది దేశంలో ఎస్సీలపై నేరాల కింద నమోదైన కేసులు 57,582. అందులో 15,368 ఒక్క ఉత్తరప్రదేశ్‌వే. ఈ అంకెలతో బార్ చార్టు గీస్తే ఆ రాష్ట్రమే అన్నిటికన్నా ఎత్తుగా కనిపిస్తుంది. అదే లక్ష ఎస్సీ జనాభాకు ఎన్ని కేసులని గీస్తే బొమ్మ మారిపోతుంది. రాజస్థాన్‌లో 71.6, మధ్యప్రదేశ్‌లో 68.2 ఉంటే, ఉత్తరప్రదేశ్‌లో 37 చిల్లర. రెండు చార్టులూ నిజమే. ఒక్కటే చూపించి వదిలేస్తే మాత్రం అది సగం నిజం.

పాఠకుడు మీట నొక్కి రెండు లెక్కలనూ చూడగలిగే ఇంటరాక్టివ్ చార్టు అవసరం ఇక్కడే ఉంది. ఆ రేటు 2011 జనాభా లెక్కల మీద కట్టిందనీ, ఎఫ్‌ఐఆర్ దాకా రాని దాడి ఇందులో లేదనీ చార్టు కిందే రాయాలి. మ్యాపులో లేత రంగు ఉన్నంత మాత్రాన అక్కడ దళితులు క్షేమంగా ఉన్నట్టు కాదు.

ఈ పని కొత్తదేమీ కాదు. 1900 పారిస్ ప్రదర్శన కోసం డు బోయిస్, అట్లాంటా విశ్వవిద్యాలయ విద్యార్థులతో కలిసి అమెరికా నల్లజాతి ప్రజల జీవితంపై సుమారు 60 చార్టులను చేత్తో గీయించాడు. తమ లెక్కను తామే చెప్పుకోవాలన్న పట్టుదల అది.

ఇప్పుడు మనకున్న దారులు చూద్దాం. న్యూస్‌రూముల కోసం తయారైన డేటారాపర్‌లో ఉచిత ఖాతాతోనే ఫోన్‌లో చక్కగా కనిపించే చార్టులు, మ్యాపులు చేయొచ్చు. కోడ్ రానివాళ్లు దీనితో మొదలుపెట్టడం మేలు. కదిలే చార్టులకు ఫ్లరిష్ బాగుంటుంది, కానీ ఉచిత ఖాతాలో ప్రచురించినది బహిరంగం. మిలాన్‌లో పుట్టిన రాగ్రాఫ్స్ ఓపెన్ సోర్స్. డేటా మన బ్రౌజర్ దాటి పోదు, అయితే అది ఇచ్చేది కదలని బొమ్మే. డీ3 పూర్తిగా మన అదుపులో ఉంటుంది, జావాస్క్రిప్ట్ నేర్చుకోవాలి.

మేం ఒకసారి దెబ్బతిన్నాం. నిజనిర్ధారణలో రాసుకున్న షీటును ఒక ఉచిత సర్వీసులోకి ఉన్నదున్నట్టు ఎక్కించాం. చార్టులో కనిపించింది జిల్లా పేరే. కానీ కింద ఉన్న డౌన్‌లోడ్ లింకు నొక్కితే ఊరు, తేదీ, బాధితురాలి వయసు అన్నీ వచ్చేశాయి. చిన్న ఊళ్లో ఆ మూడూ చాలు, మనిషిని గుర్తుపట్టడానికి. ఒక మిత్రుడు చెప్పడంతో ఆ రాత్రే తీసేశాం. అప్పటికి ఎవరు దించుకున్నారో తెలుసుకునే దారి లేదు.

అప్పటి నుంచి మాకొక నియమం. ప్రభుత్వం ఇప్పటికే బయటపెట్టిన లెక్కలు ఏ సాఫ్ట్‌వేర్‌లోకైనా పోవచ్చు. మనం వాడల్లో తిరిగి సేకరించినవి మాత్రం మన కంప్యూటర్‌లోనే జిల్లా మొత్తాలుగా కూడాలి, ఆ మొత్తాలే బయటికి పోవాలి. ఒక జిల్లాలో ఒకటి రెండు ఘటనలే ఉంటే అదీ వద్దు, పక్క జిల్లాలతో కలిపి చూపాలి.

తెలుగు సంగతీ ముందే చూసుకోవాలి. 'రాష్ట్రం', 'స్త్రీ' అని టైపు చేసి బొమ్మగా దించి చూడండి. ఒత్తులు విడిపోతే ఆ పనిముట్టు మన పాఠకులకు పనికిరాదు. ఆ చార్టునే కాగితం మీద అచ్చు వేస్తే అర్థమవుతుందా అనీ చూడాలి. వాడలో గోడకు అంటించే పోస్టరుకు మీట ఉండదు.

2024 నవంబరులో మొదలైన తెలంగాణ కులగణన ఎస్సీలు 17.43 శాతమని తేల్చింది. దేశవ్యాప్త జనగణనలోనూ కులం లెక్కిస్తామని కేంద్రం 2025లో ప్రకటించింది. ఆ అంకెలు వచ్చిన రోజున వాటికి అర్థం చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు. వాళ్లలో మనమూ ఉండాలంటే, ప్రతి విద్యార్థి సంఘంలో ఇద్దరైనా ఇప్పుడే ఈ పని నేర్చుకోవాలి.