ఏడు నక్షత్రాల బ్రాందీలో కోక్ పోస్తే తప్పా?

మా ఊళ్ళో మందు షాపుని బ్రాందీ షాపు అంటారు. లోపల విస్కీ అమ్మనీ, రమ్ము అమ్మనీ, బీరు అమ్మనీ, పేరు మాత్రం బ్రాందీదే. అందుకేనేమో చిన్నప్పట్నుంచీ నాకు బ్రాందీ అంటే ఒక పానీయం పేరులా కాకుండా ఒక తిట్టులా వినబడేది. అలాంటి నేను బ్రాందీ ఎలా తాగాలి అని ఒక టపా రాస్తానని కలలో కూడా అనుకోలేదు. తాగనివాళ్ళు ఇక్కడే ఆపేసినా నేనేం అనుకోను. కానీ చివరిదాకా చదివితే సంతోషిస్తాను, ఎందుకో అక్కడ చెప్తా.

విషయం ఏంటంటే, నేను ఆన్‌సైట్ మీద జర్మనీలో ఉంటున్నాను. పోయిన వేసవిలో నేనూ, నా రూమ్మేటూ, ఇంకో కొలీగూ కలిసి గ్రీసు వెళ్ళాం. ఏథెన్స్ చూసేశాక సామోస్ దీవికి చేరాం. మనల్ని ఎనిమిదో తరగతి నుంచి వేధించిన పైథాగరస్ గారు పుట్టింది అక్కడే :) రాత్రి సముద్రం ఒడ్డున ఒక చిన్న హోటల్లో భోజనం అయ్యాక, ఓనరు పెద్దాయన మెటాక్సా అనే వాళ్ళ మందు తెచ్చాడు. సెవెన్ స్టార్. అడుగు సన్నగా, మధ్యలో లావుగా ఉండే చిన్న గాజు గ్లాసుల్లో తలో కొంచెం పోశాడు. మావాడు ఒక గుటక వేసి, "బాసూ, ఓ కోక్ చెప్పు" అన్నాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. పరువు తీశాడ్రా అనుకున్నా. పెద్దాయన మాత్రం ఏమీ అనకుండా కోక్ తెచ్చిపెట్టి వెళ్ళిపోయాడు. ఆ రాత్రి రూముకొచ్చాక మా ఇద్దరికీ పెద్ద వాదన. "నా డబ్బు, నా గ్లాసు, నీకేంటి బాధ?" అని వాడు. "అంత ఖరీదు పెట్టి కోక్ తాగడమెందుకు?" అని నేను. అప్పుడు తేలని వాదనని ఇప్పుడు తీరిగ్గా తేల్చేద్దామని ఈ టపా.

ముందు అసలు మెటాక్సా అంటే ఏంటో చూద్దాం. 1888లో స్పైరోస్ మెటాక్సా అనే ఆయన ఏథెన్స్ పక్కనున్న పిరేయస్ రేవులో మొదలుపెట్టాడు. ద్రాక్ష వైన్‌ని బట్టీ పట్టి, ఓక్ పీపాల్లో మాగబెట్టిన మందు ఒక భాగం. దాంట్లో మస్కట్ ద్రాక్షతో చేసిన తియ్యటి వైన్ కలుపుతారు. ఈ వైన్‌కి సామోస్ పెట్టింది పేరు. ఆపైన గులాబీ రేకులు, ఇంకా కొన్ని మూలికలు. ఆ మూలికల పాళ్ళు మాత్రం కంపెనీ బయటపెట్టదు. సీసా మీద నక్షత్రాలు అయిదూ, ఏడూ, పన్నెండూ అని ఉంటాయి. నక్షత్రాలు పెరిగేకొద్దీ ఎక్కువ కాలం మాగిన సరుకు అన్నమాట. ఫైవ్ స్టార్‌లో ఆల్కహాల్ 38 శాతం, సెవెన్‌లోనూ, పన్నెండులోనూ 40 శాతం.

ఇక్కడో తమాషా ఉంది. యూరోపియన్ యూనియన్ నిబంధనల ప్రకారం బ్రాందీకి వేరే రుచులు కలపకూడదు. ఇందులో మూలికలున్నాయి కాబట్టి దీన్ని బ్రాందీ అనడానికి వీల్లేదు. మరి మన దగ్గర బ్రాందీ పేరుతో అమ్మే చవకరకాలు చాలావరకు మొలాసిస్‌తో, అంటే చెరుకు మడ్డితో తీసిన స్పిరిట్‌తో చేసినవి. ద్రాక్షతో చేసినదానికి అక్కడ ఆ పేరు లేదు, చెరుకుతో చేసినదానికి ఇక్కడ ఉంది. ఏం చేస్తాం :)

ఇంతకీ వాదన సంగతి. నేను సగం ఓడిపోయానని ఒప్పుకుంటున్నా. "మంచి మందులో ఏదీ కలపకూడదు" అన్నది నా వాదన కదా. మెటాక్సా పుట్టుకే కలపడంతో మొదలైంది. దాన్ని పట్టుకుని కల్తీ లేకుండా తాగాలి అనడంలో అర్థం లేదు. ఇంకా వెనక్కి వెళ్తే, పాతకాలం గ్రీకులు వైన్‌లో నీళ్ళు కలుపుకునే తాగేవాళ్ళు. కలపకుండా తాగేవాణ్ణి మోటువాడి కింద లెక్కేసేవాళ్ళు. కలపడానికని క్రేటర్ అనే పెద్ద పాత్ర విందు మధ్యలో ఉండేది. ఇప్పటికీ గ్రీకులో వైన్‌ని క్రాసి అంటారు, ఆ మాటకి మూలం కలపడం అనే అర్థమే. కాబట్టి కలిపినందుకు మావాణ్ణి తప్పుపట్టడానికి నాకు హక్కు లేదు.

మిగతా సగం మాత్రం నాదే గెలుపు. కోక్ పోస్తే ఆ గులాబీ, ఆ మస్కట్ తీపీ అన్నీ కోక్ కింద మునిగిపోతాయి. గుత్తొంకాయ కూరలో కెచప్ పిండుకున్నట్టు. తినేవాడిష్టం, నిజమే, కానీ వంకాయలు ఏరి తెచ్చి, మసాలా నూరి కూరినవాళ్ళ కష్టం ఏం కావాలి? కలిపేది అసలు రుచిని పైకి తేవాలి గానీ పూడ్చిపెట్టకూడదు. నేను చేసి చూసినవాటిలో బాగున్నవి ఇవీ:

ఒకటి, పన్నెండు నక్షత్రాలదైతే ఏమీ కలపొద్దు. 40 మి.లీ. చాలు. మూతి సన్నగా ఉన్న గ్లాసులో పోసి అయిదు నిమిషాలు వదిలేసి, ముందు వాసన చూడండి. ఘాటుగా అనిపిస్తే ఒక పెద్ద ఐసు ముక్క. చిన్న ముక్కలు వేస్తే గబగబా కరిగి నీళ్ళు నీళ్ళు అయిపోతుంది.

రెండు, ఫైవ్ స్టార్ 50 మి.లీ.కి జింజర్ ఏల్ 150 మి.లీ., నిండా ఐసు, ఒక నిమ్మ చెక్క. కోక్ లేకపోతే గొంతు దిగదు అనేవాళ్ళకి మొదటి మెట్టు ఇదే. అల్లం, తీపి కలిసిన రుచి మనకేం కొత్త కాదు కదా. జింజర్ ఏల్ బదులు టానిక్ నీళ్ళూ, నారింజ చెక్కా వేసుకుంటే కొంచెం చేదుగా, ఎండాకాలానికి బాగుంటుంది.

మూడు, సోర్. సెవెన్ స్టార్ 50 మి.లీ., నిమ్మరసం 25, పంచదార పాకం 15. మామూలు బ్రాందీకి వేసేదానికన్నా పాకం తగ్గించాలి, ఎందుకంటే దీంట్లో తీపి ముందే ఉంది. మూతున్న సీసాలో ఐసుతో వేసి పదిహేను సెకన్లు బాగా కుదిపి వడకట్టడమే. పాకం బదులు క్వాంట్రో 20 మి.లీ. పోస్తే సైడ్‌కార్ అనే పాత కాక్‌టెయిల్‌కి గ్రీకు తమ్ముడు తయారు.

నాలుగు, వేడి బ్లాక్ కాఫీలో 30 మి.లీ., పైన కొంచెం క్రీము. చలికాలం రాత్రులకి. లేదా వెనిలా ఐస్‌క్రీమ్ మీద ఒక చెంచాడు.

అన్నట్టు, జర్మనీలోని గ్రీకు హోటళ్ళలో మెటాక్సా సాస్ అని టమాటా, క్రీము కలిపి మాంసం మీద పోసిస్తారు. గ్లాసులో కోక్ పోసినందుకు మా రూమ్మేట్‌ని తిట్టిన నేను, దాన్ని మాత్రం లొట్టలేసుకుంటూ తిన్నాను. ఈ ముక్క వాడికి చెప్పకండి.

సరే, రుచి సంగతి అయింది. మనం అసలు కోక్ ఎందుకు పోస్తాం? రుచి కోసం కాదు, రుచి తెలీకుండా ఉండటం కోసం. మనలో చాలామంది తాగడం నేర్చుకున్నది హాస్టల్ డాబా మీద, ప్లాస్టిక్ గ్లాసులో, ఒక కన్ను వాచ్‌మన్ మీద వేసి. దొరికిపోయేలోపు ముగించాలి, ముక్కు మూసుకుని దింపాలి, కిక్కు ఎక్కాలి. అదే మన డిఫాల్ట్ సెట్టింగ్ అయి కూర్చుంది. జీతం పెరిగి సీసా మారింది గానీ సెట్టింగ్ మారలేదు. టీమ్ ఔటింగుల్లో చూడండి, గంటలో ఎన్ని పెగ్గులు అన్నదే లెక్క. తాగనివాణ్ణి పట్టుకుని "ఒక్కటేరా" అని బలవంతం చేయడం వేరే.

లెక్కంటే గుర్తొచ్చింది. లార్జ్ పెగ్గు 60 మి.లీ., అందులో 40 శాతం అంటే 24 మి.లీ. ఆల్కహాల్, దాదాపు 19 గ్రాములు. కోక్ పోసినా, నీళ్ళు పోసినా, అమృతం పోసినా ఆ 19 గ్రాములు 19 గ్రాములే. నాలిక్కి తెలీకుండా చేస్తాం, లివర్‌కి తెలీకుండా చేయలేం. ఎంత తక్కువ తాగినా పూర్తిగా క్షేమం అనడానికి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో తేల్చి చెప్పేసింది కూడా.

సామోస్‌లో పైథాగరస్ కప్పు అని అమ్ముతారు. లోపల మధ్యలో ఒక చిన్న స్తంభం, దాంట్లో సైఫన్ గొట్టం. గీత వరకు పోస్తే బుద్ధిగా ఉంటుంది. గీత దాటిందా, పైన పోసింది మాత్రమే కాదు, మొత్తం అడుగునుంచి కారిపోతుంది. అత్యాశపరుల కోసం పైథాగరస్ చేశాడని చెప్పుకుంటారు. ఇంజనీర్ని కదా, ముచ్చటేసి ఒకటి కొన్నాను. దాంతోపాటు మా బాబాయికని ఒక సెవెన్ స్టార్ సీసా కూడా.

ఇప్పుడు అసలు సంగతి. బాబాయికి డాక్టరు మానెయ్యమన్నాడని నాకు తెలుసు. తెలిసీ తీసుకెళ్ళాను. "మంచి సరుకు కదా, మన బ్రాందీ షాపుది కాదుగా, ఏం కాదులే" అనుకున్నాను. బాబాయి మూత తీసి వాసన చూసి, "పెళ్ళిలో పన్నీరు చల్లినట్టుంది రా" అని మురిసిపోయాడు. ఆ రాత్రి థమ్సప్ పోసుకుని సగం సీసా ఖాళీ చేశాడు. పొద్దున్నే పిన్ని మిగతా సీసా ఒక సంచీలో పెట్టి నా చేతికిచ్చి, "నువ్వే పట్టుకెళ్ళు నాన్నా" అంది. అంతే. తిట్టినా బాగుండేది.

మా అమ్మమ్మది నెల్లూరు జిల్లా. దూబగుంటలో మొదలై 1992లో జిల్లా అంతా పాకిన సారా వ్యతిరేక ఉద్యమం గురించి ఆవిడ చెప్తుంటే పాతకాలపు కబుర్లనుకుని వినేవాణ్ణి. 1993లో సారా నిషేధం వచ్చింది, 1995లో సంపూర్ణ నిషేధం వచ్చింది, 1997లో అదీ పోయింది. పిన్ని చేతిలో సంచీ మాత్రం అలాగే ఉంది. గులాబీ వాసన వచ్చినంత మాత్రాన దాని బరువేం తగ్గదు.

అందుకని మా రూమ్మేట్‌తో వాదనలో నా తుది తీర్పు ఇదీ. కోక్ కన్నా అల్లం మేలు, అల్లం కన్నా ఒట్టిది మేలు, ఎలా తాగినా తిండితో, నలుగురి ఎదుట, నిదానంగా, రెండో దానికి ముందు ఆగి. ఇవన్నీ ఎలా పొయ్యాలి అన్నదానికి జవాబులు. వాటికన్నా ముందు అడగాల్సింది ఎవరికి పొయ్యాలి అని. వద్దన్నవాడికి పొయ్యకూడదు, కూడనివాడికి అసలే పొయ్యకూడదు, ఎన్ని నక్షత్రాలున్నా సరే. తాగనివాళ్ళని చివరిదాకా చదవమన్నది ఇందుకే. ఈసారి ఎవడైనా "ఒక్కటేరా" అంటే, ఈ టపా చూపించండి.

మిగిలిన సగం సీసా సింకులో పోసేశాను. కప్పు మాత్రం నా డెస్క్ మీదే ఉంది. నీళ్ళు పోసుకుని తాగుతుంటాను, గీత వరకే.