మీ గ్యాసు పైపు వయసెంత?

ఆరోగ్య శీర్షికలో గ్యాసు పైపు గురించి రాయడమేమిటని మీరు అనుకోవచ్చు. రక్తపోటు గురించో, చక్కెర వ్యాధి గురించో రాస్తే బాగుండును కదా అని కూడా అనిపించవచ్చు. కాని యీ వారం యిది రాయక తప్పడం లేదు. కారణం చెబుతాను.

కొద్ది రోజుల కిందట యాభై యేళ్ళు దాటిన ఒక యిల్లాలిని ఆమె కొడుకు ఆటోలో నా దగ్గరికి తీసుకువచ్చాడు. కుడిచెయ్యి మోచేతిదాకా, మెడ ఒక పక్క కాలివున్నాయి. వాటిమీద ఎవరో టూత్‌పేస్టు దట్టంగా పట్టించారు. ముందది కడగడానికే చాలాసేపు పట్టింది. ఆ కాసేపూ ఆమె పడిన బాధ అంతా యింతా కాదు. తరవాత నెమ్మదిగా అడిగితే సంగతి బయటపడింది. ఆ పొయ్యి కొడుకు బడిలో చేరిన యేడు కొన్నది. పైపు ఎప్పుడు మార్చారో యింట్లో ఎవరికీ గుర్తులేదు. ఆమె శుభ్రత గల మనిషి. పైపుకి జిడ్డు అంటకుండా పూలగుడ్డతో చక్కని తొడుగు కుట్టి వేసింది. ఆ తొడుగు కింద పైపు బీటలు వారిన సంగతి ఎవరి కంటా పడలేదు.

“మూడు రోజులనుంచి పొద్దున్నే వాసన వస్తోందని చెబుతూనే వున్నాను డాక్టరుగారూ. నీకన్నీ అనుమానాలే అన్నారు” అంది. పక్కన నిలబడ్డ కొడుకు తల వంచుకున్నాడు.

గాయం మానుతోంది. పిడికిలి పూర్తిగా ముడుచుకోవడానికి యింకా వ్యాయామాలు చేయిస్తున్నాం. ఆ పైపు ఖరీదు ఆ యింటి నెల కాఫీపొడి ఖర్చుపాటి కూడా వుండదు.

వాసన ఎందుకు వస్తుంది?

వంటగ్యాసులో ముఖ్యంగా వుండేవి ప్రొపేన్, బ్యూటేన్ అనే వాయువులు. నిజానికి వీటికి చెప్పుకోదగ్గ వాసన లేదు. లీకయితే మనకు తెలియాలని ఇథైల్ మెర్‌కాప్టాన్ అనే ఘాటైన పదార్థం కలుపుతారు. అంటే ఆ వాసన మనకోసం పెట్టిన గంట అన్నమాట. గంట మోగుతుంటే చెవులు మూసుకోకూడదు.

యీ గ్యాసు గాలికన్నా బరువు. పైకి పోదు. నేలమీద పరుచుకుని, మూలల్లోనూ, గట్టు కింది అరల్లోనూ నిలుస్తుంది. గాలిలో నూటికి రెండు పాళ్ళు కలిసినా చాలు, చిన్న రవ్వతో అంటుకుంటుంది. బండలో అది ద్రవంగా వుంటుంది. ఒక లీటరు ద్రవం బయటికి వస్తే సుమారు 250 లీటర్ల వాయువవుతుంది. చిన్న బీటే కదా అని వూరుకోకూడదనేది అందుకే.

యింకొక మాట. జలుబు చేసినవాళ్ళకు, వయసు మళ్ళినవాళ్ళకు, కోవిడ్ వచ్చి తగ్గాక వాసన సరిగా తెలియనివాళ్ళకు యీ గంట వినిపించదు. అటువంటివారు ఒంటరిగా వంట చేసుకునే యింట్లో గ్యాసు లీకును పసిగట్టి మోగే పరికరం పెట్టించడం మంచిది. దాన్ని నేలకు దగ్గరగా బిగించాలి.

ఏ భాగం ఎప్పుడు మార్చాలి?

ముందు పైపు. యిప్పుడు గ్యాసు ఏజెన్సీలు అమ్మే నారింజరంగు సురక్షా పైపు లోపల ఉక్కుతీగ అల్లిక వుంటుంది. పైన ఐ.ఎస్.ఐ. ముద్ర, తయారైన సంవత్సరం అచ్చువేసి వుంటాయి. దాన్ని అయిదేళ్ళకొకసారి మార్చాలి. చూడటానికి బాగానే వున్నా సరే మార్చాలి. వేడికి, నూనెజిడ్డుకు రబ్బరు గట్టిపడి, వంచితే చిట్లుతుంది. ఎలుకలు కొరకడం కూడా వుంది. పైపు మీటరున్నర పొడవుకు మించకూడదు. రెండు ముక్కలు అతకకూడదు. పొయ్యి కిందనుంచి గాని, గోడలో కన్నంగుండా గాని తీసుకుపోకూడదు. తొడుగులు వెయ్యకండి. పైపు ఎప్పుడూ కంటికి కనబడుతూ వుండాలి.

తరవాత రెగ్యులేటరు. బండలో వత్తిడి కారు టైరులో గాలి వత్తిడికి రెట్టింపుకన్నా ఎక్కువ. దాన్ని తగ్గించి పొయ్యికి పంపేది రెగ్యులేటరే. దాని మర వదులై ఆగకుండా తిరుగుతున్నా, బండమీద గట్టిగా కూర్చోకపోయినా పని అయిపోయిందన్నమాట. విప్పి బాగుచెయ్యాలని చూడకండి, బజార్లో దొరికే నకిలీలు కొనకండి. అది డిపాజిట్టు మీద కంపెనీ మీకిచ్చిన వస్తువు. ఏజెన్సీకి తీసుకువెళ్ళి మార్పించుకోండి.

మూడవది బండ మూతిలో వుండే నల్లని రబ్బరు వాషరు. చూడటానికి ఉంగరమంత వుంటుంది, ఇంటిల్లిపాదికీ కాపలా అదే. బండ తెచ్చిన కుర్రవాణ్ణి వెంటనే పంపెయ్యకండి. మూత తీయించి, వాషరు వుందో లేదో, లీకు వుందో లేదో మీ యెదుటే చూపించమనండి. బండ మెడ దగ్గరి పట్టీమీద అక్షరమూ అంకే వుంటాయి. ఎ అంటే జనవరినుంచి మార్చి, బి అంటే జూన్‌దాకా, సి అంటే సెప్టెంబరుదాకా, డి అంటే డిసెంబరుదాకా. డి-28 అంటే 2028 డిసెంబరులోగా ఆ బండను మళ్ళీ పరీక్షకు పంపాలి. గడువు దాటిన బండను తీసుకోకండి.

యిక పొయ్యి. మర బిగుసుకుపోతే కొందరు కొబ్బరినూనె పోస్తారు, కొందరు పట్టకారుతో తిప్పుతారు. రెండూ తప్పే. లోపల గ్రీజు ఎండిపోయి వుంటుంది, మెకానిక్ చేత వేయించాలి. బర్నరు చిల్లులు పూడితే వేడి సబ్బునీళ్ళలో నానబెట్టి, బ్రష్షుతో రుద్ది, పూర్తిగా ఆరాక పెట్టండి. కింద వుండే గ్యాసు జెట్టును మాత్రం పిన్నుతో పొడవకండి. రంధ్రం పెద్దదై గ్యాసు ఎక్కువ వస్తుంది. చిల్లులు అరిగి ఒకటైపోయిన బర్నరును అదే రకం కొత్తదానితో మార్చండి.

మంట నీలంగా వుండాలి. పసుప్పచ్చగా లేచి గిన్నెల అడుగున మసి పట్టిస్తుంటే గ్యాసు సరిగా మండటం లేదు. అప్పుడు కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దీనికి వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్‌కన్నా రెండువందల రెట్లు గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, కళ్ళు తిరగడం, వికారం కలుగుతాయి. పైత్యమని నిమ్మరసం తాగి వూరుకుంటారు! వంటింట్లో వున్నప్పుడు తలనొప్పి వచ్చి, బయటికి రాగానే తగ్గుతుంటే పొయ్యిని అనుమానించండి. కిటికీ తెరిచి వంట చెయ్యండి. గాలి ఆడని స్నానాలగదిలో గ్యాసు గీజరు అసలు వద్దు.

పరీక్ష చేసే పద్ధతి

అరకప్పు నీళ్ళలో సబ్బు నురగ కలపండి. పొయ్యి మరలు కట్టేసి, రెగ్యులేటరు తెరిచి, పైపు పొడవునా, రెండు కొసల దగ్గర, రెగ్యులేటరు చుట్టూ నురగ పూయండి. బుడగలు లేస్తే అక్కడ లీకు వుంది. అగ్గిపుల్లతో ఎన్నడూ వెతకకండి. పైపు మీరే మార్చుకోవలసి వస్తే రెగ్యులేటరు తీసి బండకు మూతపెట్టి, ఇంట్లో దీపాలన్నీ ఆర్పాక మార్చండి. కొత్త పైపును రెండు వైపులా చివరంటా ఎక్కించి, మళ్ళీ నురగ పరీక్ష చెయ్యండి.

వాసన గట్టిగా వస్తుంటే రెగ్యులేటరు కట్టేసి, తలుపులూ కిటికీలూ బార్లా తెరవండి. ఏ స్విచ్చీ వెయ్యకండి, వేసినదాన్ని తియ్యకండి. రెంటితోనూ రవ్వ పుడుతుంది. పూజగదిలో దీపం వుంటే ఆర్పండి. అందరూ బయటికి వచ్చాక ఫోను చెయ్యండి. గ్యాసు లీకుకు దేశమంతటా 1906 నంబరు పనిచేస్తుంది.

కాలితే ఏం చెయ్యాలి?

బట్టలు అంటుకుంటే పరుగెత్తకూడదు. నేలమీద పడి దొర్లాలి. కాలిన చోట కుళాయి నీళ్ళు ధారగా 20 నిమిషాలు పొయ్యాలి. ఐసు పెట్టకూడదు. వాపు రాకముందే గాజులు, ఉంగరాలు తీసెయ్యండి. చర్మానికి అంటుకున్న గుడ్డ పీకకండి. పేస్టు, సిరా, వెన్న, పసుపు, కాఫీపొడి ఏదీ రాయవద్దు. బొబ్బలు చిదపవద్దు. ఉతికిన పలుచని గుడ్డ కప్పి డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఒళ్ళు ఎక్కువ భాగం కాలితే, ముఖ్యంగా పిల్లలకూ ముసలివాళ్ళకూ, చలి పట్టకుండా మిగతా ఒంటికి దుప్పటి కప్పాలి. ముఖం, చేతులు, కీళ్ళు కాలినా, గొంతు బొంగురుపోయినా ఆలస్యం చెయ్యకుండా 108కి ఫోను చెయ్యండి. వంట చేసేటప్పుడు నైలాను, పాలియెస్టరు చీరలు వద్దు, నూలుబట్ట కట్టుకోండి.

ఒక ప్రశ్న

“మా అబ్బాయి అమెరికాలో వుంటాడు. పెరట్లో పాత ప్రొపేన్ గ్రిల్లు వుంది. మేము వెళ్ళినప్పుడు మొక్కజొన్న పొత్తులు కాలుస్తారు. ఈసారి మంట మరల వైపు వచ్చింది. భయమా?” అని ఒక పాఠకురాలు అడిగారు.

భయమేనమ్మా. వాడకుండా వుంచిన గ్రిల్లు బర్నరు గొట్టాల్లో సాలెపురుగులు గూళ్ళు కడతాయి. దారి పూడి గ్యాసు వెనక్కి తన్ని, మరల దగ్గర మండుతుంది. సిలిండరు కట్టేసి, గొట్టాలు శుభ్రం చేయించమనండి. తుప్పుతో చిల్లులు పడిన బర్నరు, బీటలు వారిన గొట్టం, రెగ్యులేటరు ఆ మోడలుకు సరిపోయేవే కొని మార్చాలి. తరవాత అదే సబ్బునురగ పరీక్ష. మూత పూర్తిగా తెరిచాకే వెలిగించాలి. వాన వచ్చిందని గ్యారేజీలోకి జరపకూడదు. కార్బన్ మోనాక్సైడ్ అక్కడ నిండిపోతుంది.

యీ పత్రిక పక్కన పెట్టి ఒకసారి వంటింట్లోకి వెళ్ళండి. పైపుమీది సంవత్సరం చదవండి. కనబడకపోతే మార్చవలసిందే. రేపటినుంచి యింట్లో ఎవరైనా వాసన వస్తోందంటే, అనుమానమని కొట్టిపారెయ్యకుండా లేచి చూడండి.