వెనక్కి తిప్పాల్సిన పనేముంది?

మొన్నామధ్య ఓ శనివారం హాస్కెల్‌లో సుడోకు సాల్వర్ రాద్దామని కూర్చున్నాను. సుడోకుని ఎగ్జాక్ట్ కవర్‌గా మార్చొచ్చని మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. 729 వరుసలు, 324 కాలమ్‌లు. ప్రతి కాలమ్‌లోనూ సరిగ్గా ఒకే ఒక్క 1 పడేలా వరుసల్ని ఏరుకోవాలి, అంతే.

ఇంకేం, డొనాల్డ్ నూత్ గారు 2000లో రాసిన డాన్సింగ్ లింక్స్ పేపరు ఉందిగా అనుకుని, దాన్ని ఉన్నదున్నట్టు ఎస్‌టీ మొనాడ్‌లోకి దించేశాను. ఒక్కో 1కీ నాలుగు పాయింటర్లు. కంపైల్ అయింది, కానీ జవాబులు తప్పు! రెండు రాత్రులు తల బద్దలు కొట్టుకున్నాక దొరికింది. కవర్ చేసిన కాలమ్‌లని సరిగ్గా తిరగేసిన వరుసలో అన్‌కవర్ చెయ్యాలి. నేను అదే వరుసలో చేశాను. "టైపులు కుదిరితే ప్రోగ్రాం కుదిరినట్టే" అని ఆఫీసులో గొప్పలు చెప్పుకునే నాకు నోరు పడిపోయింది.

అప్పుడనిపించింది, అసలీ తిప్పలన్నీ ఎందుకు? డాన్సింగ్ లింక్స్ కిటుకంతా ఒకటే: లిస్టులోంచి తీసేసిన నోడ్ తన ఇరుగుపొరుగుల్ని మర్చిపోదు, కాబట్టి చవగ్గా వెనక్కి పెట్టెయ్యొచ్చు. డేటాని చెరిపి రాసే భాషలో అది బంగారం. హాస్కెల్‌లో పాత మ్యాప్ ఎక్కడికీ పోదే! చెరపనిదాన్ని వెనక్కి తిప్పేదేముంది?

రెండే ఇంట్‌మ్యాప్‌లు పెట్టుకున్నాను: కాలమ్ నుంచి వరుసలకి, వరుస నుంచి కాలమ్‌లకి. ఒక వరుస ఎంచుకుంటే కొత్త మ్యాప్ వస్తుంది, మారని కొమ్మల్ని పాతదానితో పంచుకుంటూ. దారి మూసుకుపోతే పాత మ్యాప్ చేతిలోనే ఉంది. జవాబుల్ని బద్ధకపు లిస్టుగా ఇస్తే, మొదటిది చాలన్నవాడికి మొదటిదే లెక్కకడుతుంది. కోడు ఒక్క స్క్రీన్‌లో పట్టింది.

ఉచితమేమీ కాదు లెండి. ప్రతి మార్పుకీ కొంత మెమరీ, గార్బేజ్ కలెక్టర్‌కి చాకిరీ. పెంటోమినోల్లాంటి వాటిలో జవాబులన్నీ లెక్కపెట్టాలంటే ఎస్‌టీలో అన్‌బాక్స్‌డ్ ఎర్రేలకే నా ఓటు. కానీ మామూలు సుడోకుల్లో పని తగ్గించేది పాయింటర్లు కాదు, అన్నిటికన్నా తక్కువ వరుసలున్న కాలమ్‌ని ముందు పట్టుకోవడం. అది మ్యాప్‌తోనూ చెయ్యొచ్చు.

నా మటుకు నాకు అర్థమైంది ఇదీ: ఆల్గారిథమ్‌ని ఒక భాషలోంచి ఇంకో భాషలోకి తెచ్చుకోవచ్చు, దాని డేటా స్ట్రక్చర్‌ని మాత్రం గుడ్డిగా మోసుకురాకూడదు. అది ఏ ఇబ్బందికి విరుగుడో ముందు కనుక్కోవాలి. ఆ ఇబ్బందే మనకి లేకపోతే మందు మింగడం దేనికి?

మీరేమంటారు?